రొట్టెలో కనబడిన ముఖము

గత క్రిస్మసు నెలలో సభ నిమిత్తము నేను హైదరాబాదు వెళ్లితిని. తిరుగు ప్రయాణమున నాంపల్లి స్టేషనులో రైలు కొరకు కూర్చుండగా, నా ప్రక్కనున్న చిన్నది ఒక చిన్న కేకును చేత పట్టుకొని, తినక దానినే చూచి నవ్వుచుండెను. ఏమమ్మా అని అడిగితిని. "తాతా, ఇది మా నాయనమ్మ!" అనెను. వంగి చూచితిని. రెండు ఎండుద్రాక్షలు కన్నులు. పొంగి పగిలిన చోటు బోసినోరు. నిజముగా ముసలమ్మయే.

రెండు చుక్కలును వాటి క్రింద ఒక గీతయు ఉన్నచో మన మనస్సు ముఖమును కల్పించుకొనును. పుట్టి కొద్ది దినములైన శిశువు సహితము అట్టి ఆకారము వైపు చూపు త్రిప్పును. తల్లిని గుర్తుపట్టుటకు మనకీయబడిన శక్తియే అరిసె మీదను, గోడ మీది చెమ్మమరకలోను పనిచేయుచున్నది. 2014లో కెనడా, చైనా దేశముల పరిశోధకులు కొందరికి ఏ బొమ్మయు లేని మసక చుక్కలను చూపి, వీటిలో సగమింటిలో ముఖములున్నవని ముందుగా చెప్పిరట. వారు ఇంచుమించు మూడింట ఒక పర్యాయము ముఖము కనబడినదనిరి. ఉన్నదని విన్నారు గనుక చూచిరి.

1977లో అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రమున, లేక్ ఆర్థర్ అను చిన్న ఊరిలో ఒక ఇల్లాలు కాల్చిన రొట్టె మీది మాడిన మరకలో క్రీస్తు ముఖము కనబడెనని వేలమంది చూడబోయిరి. ఆమె దానిని అద్దము క్రింద భద్రపరచెను. 2005లో మనుమరాలు బడికి తీసికొనిపోగా అది క్రిందపడి ముక్కలాయెను. ఆ ఇల్లాలిని నేను నవ్వను. ఆమె తాను ప్రేమించిన వానినే చూచినది.

అంత దూరమేల? హైదరాబాదు రాజ్యపు జెండా మీదనే ఒక రొట్టె యుండెను. మొదటి నిజాము ఖమరుద్దీన్ ఖాన్ ఒక సూఫీ ఫకీరు నొద్దకు పోగా, ఆయన పసుపు గుడ్డలో చుట్టిన కుల్చాలను, అనగా గుండ్రని రొట్టెలను పెట్టెననియు, ఏడు తిని చాలుననగా నీ వంశమున ఏడుగురు ఏలుదురని పలికెననియు కథ. అందుచేతనే పసుపు జెండా నడుమ తెల్లని బిళ్ల అని చెప్పుదురు. కథ తెలియని వానికి అది నిండు చందమామ. ఖమర్ అను మాటకు చంద్రుడనియే అర్థము. అసఫ్ జా బిరుదుతో ఏలినవారు ఏడుగురే, 1948తో వారి పాలన ముగిసెను. సరిపోయినదే! అయితే 1748 నుండి 1762 వరకు గద్దె మీదనున్న ముగ్గురిని ఆ లెక్కలో చేర్చుకొనలేదు. రొట్టెలు ఏడు గనుక రాజులును ఏడుగురే కావలసివచ్చిరి కాబోలు.

ఏడవవాడైన మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు నేటికిని ఉప్పుతీపి కలిసిన ఉస్మానియా బిస్కెత్తు మీద నిలిచియున్నది. కూలివాడును ఇరానీ చాయలో రాజును ముంచుకొని తినుచున్నాడు.

నాంపల్లికిని ఆబిడ్స్‌కును దాపున మొజంజాహీ మార్కెట్టు కలదు. 1935లో కట్టిన రాతి కట్టడమది. అక్కడ 1953లో ఖాన్‌చంద్ రామ్నానీ అను సింధీ ఒక బేకరీ తెరచెను. 1947 దేశవిభజనలో ఇల్లు వాకిలి విడిచి, కరాచీ పట్టణమునుండి వచ్చినవాడు. పోగొట్టుకొనిన ఊరి పేరే అంగడికి పెట్టుకొని కరాచీ బేకరీ అనెను. పండ్ల ముక్కలు కలిపిన దాని బిస్కెత్తులను మన పల్లెల చుట్టాలు సహితము డబ్బాలతో తెచ్చెదరు గదా.

2019 ఫిబ్రవరిలో పుల్వామాలో మన జవానులు నలుబదిమంది చంపబడిన పిమ్మట, బెంగుళూరులోని ఆ బేకరీ అంగడి మీదికి ఒక గుంపు వచ్చెను. పనివారు బోర్డు మీది కరాచీ అను మాటకు గుడ్డ కప్పిరి. 2025 మే నెలలో, రెండు దేశముల నడుమ పోరు జరుగుచుండగా, హైదరాబాదు శివారున శంషాబాదులో కొందరు కర్రలతో బోర్డును కొట్టిరి. లేక్ ఆర్థర్ ఇల్లాలు మాడిన మరకలో తన ప్రభువును చూచినది. వీరు బిస్కెత్తు డబ్బా మీద శత్రువును చూచిరి. చూచుట ఒకటే తీరు, ముందుగా గుండెలో నున్నదే వేరు. ఆ పేరు వెనుక నిజముగా నున్న ముఖము, ఊరు విడిచి వచ్చిన ఒక కాందిశీకునిది, వారికి కనబడలేదు. నన్నడిగిన, ఇది రొట్టె మీది బొమ్మకంటె చాల పెద్ద భ్రమ.

ఎమ్మాయు త్రోవన నడచిన ఇద్దరు శిష్యులు నాకు జ్ఞప్తికి వచ్చుచున్నారు. దారి పొడుగునను ఆయన ముఖము ఎదుటనే యున్నను పోల్చుకొనలేదు. బల్లయొద్ద ఆయన రొట్టె విరిచినప్పుడే తెలిసికొనిరి.

రైలు వచ్చెను. చిన్నదాని తండ్రి మూటలు సర్దుచు, ఇంకను తినలేదా యని గదమాయించెను. ఒడిలోనున్న డబ్బా మీద ఆ బేకరీ పేరే యున్నది. చిన్నది ఒక క్షణము చూచి, నాయనమ్మను నడిమికి విరిచి, ఒక కన్నున్న సగము నా చేతిలో పెట్టెను.