బ్యానర్ వెనక చేతులు

1942లో, అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం కలమజూ ఊళ్ళో, గిబ్సన్ కంపెనీ జే-45 అనే గిటార్ తెచ్చింది. ధర 45 డాలర్లు. పేరులో ఉన్న అంకె అదే. తలకట్టు మీద బంగారు రంగు రిబ్బన్ బొమ్మ, అందులో గిబ్సన్ అయితేనే సరిపోతుందనే అర్థంలో ఒక నినాదం. యుద్ధకాలపు గిబ్సన్‌లను 'బ్యానర్' గిటార్లు అనడం ఆ రిబ్బన్ వల్లే.

స్టీలు తీగలు లాగే బలానికి గిటార్ మెడ మెల్లగా వంగుతుంది. దాన్ని ఆపడానికి మెడ లోపల ఒక స్టీలు కడ్డీ పెడతారు. సర్దుబాటు చేసుకోగల ఆ కడ్డీకి 1920ల్లో పేటెంట్ తీసుకున్నది గిబ్సనే. యుద్ధం రాగానే స్టీలంతా ట్యాంకులకీ ఓడలకీ పోయింది, వాద్యాల్లో లోహం వాడకం మీద ప్రభుత్వం ఆంక్షలు పెట్టింది. దాంతో చాలా బ్యానర్ గిటార్లు కడ్డీ లేకుండానే బయటికొచ్చాయి. ఆ లోటు తీర్చడానికి మెడని లావుగా చెక్కారు. కొన్నిటికి మేపుల్ చెక్కలు పొరలుగా అతికించారు. కొన్నిటికి పైపలక కూడా స్ప్రూస్ బదులు మహోగనీయే. అటు మార్టిన్ కంపెనీ స్టీలు బదులు మెడలో ఎబొనీ కర్ర పెట్టింది. ఏది దొరికితే దానితోనే డిజైన్.

మరి చేసిందెవరు? యుద్ధంలో గిటార్ల పని దాదాపు ఆగిపోయిందని, వచ్చిన కొద్దిపాటివీ పాత పనివాళ్ళు చేసినవేనని చాలాకాలం నడిచిన కథ. జాన్ థామస్ అనే లా ప్రొఫెసర్‌కి ఫ్యాక్టరీ ముందు నిలబడ్డ డజన్లకొద్దీ ఆడవాళ్ళ ఫోటో ఒకటి కనబడింది. ఆయన షిప్పింగ్ లెడ్జర్లు తిరగేశాడు, బతికున్నవాళ్ళని వెతికి మాట్లాడాడు, గిటార్లకి ఎక్స్‌రేలు తీయించాడు. అలా వచ్చిన పుస్తకమే 'కలమజూ గాల్స్'. మగవాళ్ళు యుద్ధానికెళ్ళాక ఆ బల్లల దగ్గర పనిచేసింది ఎక్కువగా ఈ ఆడవాళ్ళే.

లోపలి బద్దీలు మరింత నునుపుగా, సన్నగా ఉన్నాయని, నాదం బాగుండటానికి అదొక కారణమని థామస్ వాదన. కావచ్చు. ఎనభయ్యేళ్ళు ఎండిన చెక్క మహిమ కూడా కావచ్చు. కానీ దీన్ని 'ఆడవాళ్ళ చేతుల సున్నితత్వం' అని మెచ్చుకునేవాళ్ళతో నాకు పేచీ. అది వాళ్ళు నేర్చుకున్న పనిని పుట్టుకతో వచ్చిన గుణంగా మార్చేస్తుంది. మగవాడు చేస్తే నైపుణ్యం, ఆడది చేస్తే స్వభావమా?

మా వృత్తిలో ఏ లైను ఎవరు రాశారో కమిట్ లాగ్ చెప్తుంది. ఈ గిటార్ల మీద కంపెనీ పేరుంది, నినాదం ఉంది. చేసినవాళ్ళ పేరు మాత్రం ఎక్కడా లేదు.