నల్లమలను కాసిందెవరు?

1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలవడంతో ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ హైదరాబాద్ రాజ్యం దాటి పోలేకపోయాడు. ఆ కట్టడే పాలమూరు అడవికి కలిసొచ్చింది. 1940లో ఆయన నల్లమలలోని అమ్రాబాద్ గుట్టలెక్కి, చెంచు గిరిజనుల గూడేలైన పెంటల్లో మకాం పెట్టాడు. ఆయన సిఫార్సు మీద 1942లో నిజాం సర్కారు సుమారు లక్ష ఎకరాలను చెంచుల రిజర్వుగా ప్రకటించింది. మరుసటి ఏడాది చెంచులపై ఆయన పుస్తకం అచ్చయింది.

సర్కారుకు అడవంటే కలప, ఆదాయం. చెంచుకు అదే ఇంటి గాదె. ఇనుప మొన తొడిగిన కర్రతో గడ్డలు తవ్వుకునేవారు. ఇప్పపువ్వు, మొర్రిపండ్లు, ఉసిరి, తపసి బంక ఏరుకునేవారు. తేనె తీయడం మాత్రం ప్రాణాలతో చెలగాటమే. నిట్టనిలువు బండ మీద నుంచి తాడు పట్టుకుని దిగి, పొగబెట్టి ఈగల్ని తోలి, తుట్టె కోయాలి. పైన తాడు పట్టేది బావమరిది. తోబుట్టువు కాపురం నిలవాలని కోరేవాడు చెయ్యి వదలడని నమ్మకం.

ఆ అడవి అంచునే కొల్లాపూర్ ఉంది. సురభి వంశం ఏలిన జటప్రోలు సంస్థానానికి రాజధాని ఇదే. శ్రీశైలం ప్రాజెక్టు కట్టాక పాత జటప్రోలు మునిగిపోయింది. సోమశిల గుళ్లను విప్పి ఎగువన మళ్లీ నిలబెట్టారు. ఆ జలాశయంలో మొదట 308 టీఎంసీలు పట్టేవి. పూడిక చేరి ఇప్పుడు 215కు పడిపోయింది. ఎగువ రాష్ట్రాల నేలలు కోసుకుపోయి వచ్చిన మట్టే అందులో ఎక్కువ. చుట్టూ ఉన్న నల్లమల గుట్టలూ బోడిగా మారితే ఆ మిగిలిన నీటికీ గ్యారంటీ ఉండదు.

1978లో ఈ అడవి అభయారణ్యమైంది, 1983లో ప్రాజెక్టు టైగర్ కిందికి వచ్చింది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ వైపు 2,611 చదరపు కిలోమీటర్లు అమ్రాబాద్ పులుల అభయారణ్యంగా మిగిలాయి. పులికి చోటు దొరికింది, పెంటలకు మాత్రం తరలింపు భయం పట్టుకుంది. 2019లో యురేనియం అన్వేషణ మాట వినగానే చెంచులు, చుట్టుపక్కల ఊళ్లు ఎదురు తిరిగాయి. సెప్టెంబరు 16న శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానించింది.

అడవిని కాసింది చెంచులే. కాబట్టి పెంటలను ఖాళీ చేయించాలనుకునే అధికారులు ముందుగా 2006 అటవీ హక్కుల చట్టం తెరిచి చూడాలి. గ్రామసభ ఒప్పుకోనిదే ఎవరినీ కదిలించడానికి లేదని అందులో స్పష్టంగా ఉంది.