చూస్తూ ఊరుకోవడం

1876లో ఆగ్రాలో ఫుల్లర్ అనే ఇంగ్లీషు లాయరు, ఆదివారం చర్చికి వెళ్ళే వేళకి బండి దగ్గర లేడని తన గుర్రాలవాడు కత్వారూ మీద చెయ్యి చేసుకున్నాడు. కత్వారూ కాసేపటికే చనిపోయాడు. ప్లీహం పగిలిందని డాక్టరు తేల్చాడు. మేజిస్ట్రేటు వేసిన శిక్ష 30 రూపాయల జరిమానా. ఇది మరీ అన్యాయమని వైస్రాయి లిట్టన్ మందలిస్తే, ఇక్కడి ఇంగ్లీషువాళ్ళు ఆయన మీదే విరుచుకుపడ్డారు.

ఆ కాలంలో ఇలాంటి కేసులు చాలానే ఉన్నాయి. వాదన మాత్రం దాదాపు ఒకటే: మలేరియా దేశం, ప్లీహం ముందే ఉబ్బి ఉంది, చిన్న దెబ్బకే పగిలింది. మన పల్లెల్లో ‘కడుపులో బల్ల’ అనేది ఈ ఉబ్బునే. చచ్చినవాడి అవయవం చంపినవాడి తరఫున సాక్ష్యం చెప్పిందన్నమాట. అది బయటపడేది కూడా శవపరీక్ష బల్ల మీదే. బతికున్న మనిషిలో పగిలిన ప్లీహం ఏం చేస్తుందో చూసినవాళ్ళు లేరు.

తర్వాతి తరం సర్జన్లు చూశారు గానీ, కోసి బయటికి తీసి చూశారు. పగిలిన ప్లీహాన్ని తీసెయ్యాల్సిందే, తీస్తే నష్టమేమీ లేదని 1911 నాటి పాఠ్యపుస్తకంలో రాసింది థియోడర్ కోహర్. నాకు ఇక్కడే ఆశ్చర్యం. థైరాయిడ్‌ని పూర్తిగా తీసేస్తే మనిషి ఎలా కుంగిపోతాడో 1883లో లోకానికి చెప్పిందీ, ఆ గ్రంథి మీద చేసిన కృషికి 1909లో నోబెల్ అందుకుందీ ఆయనే! ఒక అవయవం నేర్పిన పాఠం పక్క అవయవానికి పనికిరాలేదు.

1952లో అమెరికాలో కింగ్, షూమాకర్ అనే ఇద్దరు, ప్లీహం తీసేసిన ఐదుగురు పసిబిడ్డలకి తర్వాత తీవ్రమైన ఇన్ఫెక్షన్లు వచ్చాయని రాశారు. అంటే నష్టం ఉంది. మరి తియ్యకపోతే?

దీనికి జవాబు వెతికినవాళ్ళలో మనవాడొకాయన ఉన్నాడు. టొరంటో పిల్లల ఆసుపత్రి కేసులని తిరగేసి పురుషోత్తం ఉపాధ్యాయ, సింప్సన్‌తో కలిసి 1968లో ఒక పేపర్ రాశాడు. ఆపరేషన్‌కని పొట్ట తెరిచేసరికే చాలామంది పిల్లల్లో రక్తస్రావం దానంతటదే ఆగిపోయి ఉంది. అదే ఏడాది ఆయన బృందం కోతుల ప్లీహాలకి గాయం చేసి పరిశీలించిన ప్రయోగం కూడా అచ్చయింది. ప్లీహం తనంతట తాను మానగలదు.

అయితే, కడుపులో రక్తం కారిన పిల్లాణ్ణి మంచం మీద పడుకోబెట్టి ఊరికే కూర్చోవడం ఏ డాక్టరుకి మాత్రం సాధ్యం? నాడి, బీపీ, హిమోగ్లోబిన్ లోపలి సంగతి కొంతవరకే చెబుతాయి. 1971లో డెన్మార్క్ డాక్టర్లు ప్లీహంలో గడ్డకట్టిన రక్తాన్ని అల్ట్రాసౌండ్‌తో గుర్తించామని ప్రచురించారు. కోత లేదు, రేడియేషన్ లేదు, మంచం దగ్గరే ఎన్నిసార్లయినా చూడొచ్చు. ‘చూస్తూ ఊరుకున్నాడు’ అనేది మన భాషలో నింద. అది వైద్యంగా మారడానికి ఈ ‘చూడటం’ చాలా సాయపడింది.

తమాషా ఏమిటంటే, దెబ్బ తగిలిన రోజు మామూలు అల్ట్రాసౌండ్ అంత నమ్మదగ్గది కాదు. కొత్త నెత్తురుగడ్డ, చుట్టూ ఉన్న కణజాలం తెరమీద ఒకే బూడిదరంగులో కలిసిపోవచ్చు. అందుకే మొదటిరోజు సీటీ. రోజులు గడిచి గడ్డ కరిగేకొద్దీ ఆ చోటు నల్లబడుతుంది, తర్వాత కుంచించుకుపోతుంది, చివరికి సన్నని గీత మిగలొచ్చు, అదీ మిగలకపోవచ్చు. గాయాన్ని పట్టుకోవడం కంటే మానడాన్ని చూపించడంలోనే దీనికి నేర్పు ఎక్కువ.

1997లో పిట్స్‌బర్గ్ డాక్టర్లు పిల్లల్ని ఇలా వరుసగా స్కాన్ చేసి లెక్క కట్టారు. మొదటి గ్రేడు గాయం తెరమీద మానడానికి సగటున 3 వారాలు, నాలుగో గ్రేడుకి 20 వారాల పైనే. మూడేళ్ళకి, 2000లో, అమెరికా పిల్లల సర్జన్లు 32 ఆసుపత్రుల్లోని 856 మంది పిల్లల వివరాలు ముందేసుకుని, నిలకడగా ఉన్నవాళ్ళ కోసం మార్గదర్శకాలు రాశారు. గ్రేడుకి రెండు కలిపితే అన్ని వారాలు ఆటలు మానాలి. నాలుగో గ్రేడుకి 6 వారాలు. మళ్ళీ స్కాన్ మామూలుగా అక్కర్లేదు!

20 ఎక్కడ, 6 ఎక్కడ? సర్వర్లు చూసుకునే ఉద్యోగం కాబట్టి ఈ చిక్కు నాకు తెలిసిందే. గ్రాఫ్ ఇంకా ఎర్రగానే ఉంటుంది, వాడేవాళ్ళకి మాత్రం అంతా బాగానే ఉంటుంది. పిల్లాడు మామూలైపోయాక కూడా బొమ్మలో మచ్చ మిగిలే ఉంటుంది. ఆ మచ్చ పోయేదాకా వాణ్ణి బడికీ ఆటకీ దూరం పెట్టడం బొమ్మకి చేసే వైద్యం. ఈ విషయంలో నేను మార్గదర్శకాల వైపే.

కానీ ఒక్క భయం ఉంది. తెగిన ధమని గోడ దగ్గర చిన్న బుగ్గలాంటిది ఏర్పడి, కొన్ని రోజుల తర్వాత పగలొచ్చు. మామూలు అల్ట్రాసౌండ్‌కి అది దొరక్కపోవచ్చు. అందుకని కొన్నిచోట్ల, ముఖ్యంగా యూరప్‌లో, నరంలోకి సూక్ష్మమైన వాయు బుడగలు ఎక్కించి మళ్ళీ చూస్తున్నారు. రక్తం పారే చోటల్లా తెర మెరుస్తుంది, బుగ్గ ఉంటే అదీ మెరుస్తుంది. అందరినీ ఇలా చూడాలా వద్దా అన్న వాదన ఇంకా తేలలేదు. పని అయిపోయాక ఆ వాయువు కొద్ది నిమిషాల్లో పిల్లాడి ఊపిరితో బయటికి వెళ్ళిపోతుంది.