సరాయెవో సొరంగం – విసోకో కొండ
చరిత్రకు రుజువే ప్రాణం

మన రాయలసీమలో ఏ కోటకు పోయినా మొదట చెప్పే మాట సొరంగం. కర్నూలు కొండారెడ్డి బురుజు నుంచి తుంగభద్ర అడుగున గద్వాల కోట దాకా దారి ఉన్నదని చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం. హైదరాబాదువారిని అడిగితే గోల్కొండ నుంచి చార్మినారుకు సొరంగం ఉన్నదంటారు. ఆ దారిన పోయి వచ్చినవాళ్లు మాత్రం ఎవరూ కనపడరు. “మా తాత చెప్పినాడు” అంటారు. ఆ తాతకు వాళ్ల తాత చెప్పి ఉంటాడు.

కథ కథగా ఉన్నంత వరకు దానివల్ల నష్టం లేదు. పిల్లలు నోరు తెరుచుకొని వింటారు, కోట మీద ఇష్టం పెరుగుతుంది. కాని కథకు చరిత్ర అని బోర్డు కట్టి, టికెట్టు పెట్టి, పాఠ్యపుస్తకంలో కూడా చేర్చమని అడిగితే? అప్పుడేమవుతుందో తెలుసుకోవాలంటే ఐరోపాలోని బోస్నియా దేశం సంగతి తెలుసుకోవాలి. ఆ దేశంలో రెండు సొరంగాలు ఉన్నవి. రెంటినీ గైడు వెంట పోయి ఒక్కొక్క పూటలో చూసి రావచ్చు. ఒకటి నిజం, రెండోది వివాదం.

బోస్నియా ఎక్కడ?

ఇది బాల్కన్ ప్రాంతంలోని చిన్న దేశం. రాజధాని సరాయెవో. 1463లో తుర్కీ ఉస్మానీయుల ఏలుబడిలోకి వచ్చినది. 1878లో ఆస్ట్రియా-హంగరీ చేతికి పోయినది. 1914 జూన్ 28న ఆస్ట్రియా యువరాజు హత్య జరిగి, మొదటి ప్రపంచ యుద్ధానికి నిప్పు అంటుకున్నది ఈ సరాయెవో వీధిలోనే. తరువాత యుగోస్లావియాలో భాగమైనది. 1992లో స్వతంత్రం ప్రకటించుకున్న వెంటనే యుద్ధం వచ్చిపడినది. మసీదు, చర్చి, యూదుల ప్రార్థనాలయం నాలుగడుగుల్లో ఒకదాని పక్కన ఒకటి ఉన్న ఊరు అది. అక్కడ ఇప్పుడు అరబ్బు దేశాల యాత్రికులు చాలామంది కనిపిస్తారు. గల్ఫులో పని చేసే మనవాళ్లు కూడా సెలవులకు పోయి వస్తున్నారు.

నా పూర్వ విద్యార్థి ఒకడు అట్లాగే పోయి వచ్చి, ఫోను చేసి అడిగినాడు: “సార్, ఈజిప్టువాటి కంటె పెద్ద పిరమిడ్లు మన ముస్లింల దేశంలో ఉన్నాయంట కదా? గైడు చూపించినాడు. మీరు క్లాసులో చెప్పనే లేదే?” వాడికి ఫోనులో రెండు ముక్కల్లో చెప్పిన జవాబును ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

విసోకో కొండ

సరాయెవోకు వాయవ్యంగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో విసోకో అనే పట్నం ఉన్నది. పట్నం మీదికి ఒరిగినట్టు విసోచిత్సా అనే కొండ. ఒక వైపు నుంచి చూస్తే అచ్చంగా త్రికోణం. 2005లో సెమీర్ ఒస్మనాగిచ్ అనే బోస్నియా వ్యాపారి, అమెరికాలో స్థిరపడినవాడు, ఇది కొండ కాదు, మనుషులు కట్టిన పిరమిడ్ అని ప్రకటించినాడు. “సూర్య పిరమిడ్” అని పేరు పెట్టినాడు. ఎత్తు 220 మీటర్లన్నాడు. ఈజిప్టులోని పెద్ద పిరమిడ్ కట్టిన నాడు సుమారు 146 మీటర్లే. పక్క కొండలకు కూడా చంద్ర పిరమిడ్ మొదలైన పేర్లు వచ్చినవి. వయసు పన్నెండు వేల ఏళ్లకు పైమాటే అన్నారు. 2006లో తవ్వకాలు మొదలైనవి.

యాత్రికులను కొండ మీదికి తీసుకుపోయి, తవ్విన చోట బయటపడిన రాతి పలకలు చూపిస్తారు. అంచులు కోసినట్టు ఉంటవి. ఇది ఆనాటి కాంక్రీటు అంటారు. అక్కడి నుంచి “రావ్నే” సొరంగాలకు. తలకు టోపీ పెట్టుకొని, చాలా చోట్ల వంగి నడవాలి. పైకప్పుకు కర్ర ఆనికలు కొట్టి ఉంటవి. లోపల పెద్ద రాళ్లు కనిపిస్తవి. వాటి నుంచి శక్తి పుడుతుందని, లోపలి గాలి పీలిస్తే జబ్బులు నయమవుతవని చెప్తారు. 2020లో టెన్నిస్ వీరుడు నొవాక్ జొకోవిచ్ వచ్చి మెచ్చుకొని పోయినాడు. దాంతో పేరు ఇంకా పెరిగినది.

మరి విద్వాంసులు ఏమన్నారు? బోస్నియాలోని తూజ్లా విశ్వవిద్యాలయం భూగర్భ శాస్త్రజ్ఞులే 2006లో కొండను పరిశీలించినారు. ఇది సహజంగా ఏర్పడిన కొండే, ఇటువంటివి ఆ ప్రాంతంలో ఇంకా చాలా ఉన్నవని తేల్చినారు. అదే ఏడు డిసెంబరులో ఐరోపా పురావస్తు శాస్త్రజ్ఞుల సంఘం వారు, ఇది ఏమీ తెలియని జనాన్ని మోసపుచ్చడమేనని కఠినంగా ప్రకటించినారు. కాంక్రీటు అన్నది గులకరాళ్లు, ఇసుక కలిసి లక్షల ఏళ్లలో తనంత తాను గట్టిపడిన రాయి. భూమి లోపలి ఒత్తిడికి అది పలకలు పలకలుగా చీలుతుంది. మన జిల్లావాళ్లకు ఇది కొత్తగా చెప్పనక్కర లేదు. బేతంచెర్ల బండలు పొరలు పొరలుగా, గీత గీసినట్టు లేవడం మన కండ్లతో చూస్తున్నదే. వాటిని ఏ రాజూ చెక్కించలేదు.

ఇంకొక సంగతి. పన్నెండు వేల ఏళ్ల కిందట ఐరోపాలో వ్యవసాయమే లేదు. వేటాడి, కాయా కసరూ ఏరుకొని బతికే చిన్న గుంపులు ఉండేవి. కొండంత కట్టడం కట్టాలంటే వేలమంది కూలీలు కావాలి, వాళ్లకు ఏళ్ల తరబడి తిండి కావాలి, ఇండ్లు కావాలి, పనిముట్లు కావాలి. అంతమంది ఉన్నచోట పగిలిన కుండలు, పొయ్యిల బూడిద, ఎముకలు గుట్టలుగా దొరకాలి. పిరమిడ్ ఉన్నదన్నవారు చూపించవలసింది అవి. అవేవీ లేకుండా ఒక్క కొండ ఆకారాన్ని చూపితే చాలదు.

పక్కనే ఉన్న అసలు చరిత్ర

దుఃఖం ఏమంటే, విసోకోకు ఈ పిరమిడ్ అవసరమే లేదు. ఆ విసోచిత్సా కొండ నెత్తి మీదనే మధ్యయుగపు కోట శిథిలాలు ఉన్నవి. అది ప్రభుత్వం గుర్తించిన జాతీయ స్మారకం. పిరమిడ్ కోసం అడ్డదిడ్డంగా తవ్వితే ఉన్న కోట పాడవుతుందని పురావస్తువారు మొత్తుకున్నారు. పట్నం పక్కనే మిలే అనే చోట బోస్నియా మొదటి రాజు ట్వర్ట్‌కో సమాధి ఉన్నది. ఆయన 1377లో కిరీటం ధరించి, 1391లో చనిపోయినాడు. 20వ శతాబ్దంలో తవ్వితే అక్కడి చర్చి పునాదులు, సమాధులు బయటపడినవి. ఇంకా వెనక్కి పోతే, విసోకో దగ్గర ఓకోలిష్టె అనే చోట సుమారు ఏడు వేల ఏళ్ల నాటి పల్లె ఆనవాళ్లు దొరికినవి. జర్మనీ, బోస్నియా పండితులు కలిసి ఓర్పుగా తవ్వి, ఇండ్ల వరుసలు గుర్తించినారు. రైతులు, కుండలు, కొడవళ్ల రాళ్లు: ఇది నిజమైన గొప్ప. కాని త్రికోణం కొండ ముందు దీనికి యాత్రికులు తక్కువ.

రెండో సొరంగం

ఇక నిజమైన సొరంగం. 1992 ఏప్రిల్ నుంచి 1996 ఫిబ్రవరి దాకా సరాయెవో నగరాన్ని సెర్బు సైన్యాలు కొండల మీది నుంచి ముట్టడించినవి. 1425 రోజులు. నీళ్లు లేవు, కరెంటు లేదు, రొట్టె లేదు. నీళ్లకు లైనులో నిలబడినవాళ్ల మీద ఫిరంగి గుండ్లు పడినవి. బయటకు పోవాలంటే విమానాశ్రయం దాటాలి. అది ఐక్యరాజ్యసమితి సైనికుల చేతిలో ఉన్నది, ఇరువైపులా తుపాకులు కాచుకొని ఉన్నవి.

అప్పుడు 1993లో విమానాశ్రయం అడుగున సొరంగం మొదలుపెట్టినారు. ఒక కొస నగరం వైపు డొబ్రిన్యాలో, రెండో కొస బయట బుట్మిర్ గ్రామంలో, ఒక మామూలు కుటుంబం ఇంటి కింద. పారలు, గునపాలతో రాత్రింబగళ్లు వంతుల వారీగా తవ్వినారు. తవ్వినవాళ్లకు రోజుకు ఒక సిగరెట్టు పెట్టె కూలి. ముట్టడిలో సిగరెట్లు ఇచ్చి తిండి సరుకు తెచ్చుకునేవారు గనుక అదే నాణెం. నీరు ఊరి మోకాళ్ల దాకా నిలిస్తే తోడిపోసినారు. జూన్ 30న రెండు వైపులవాళ్ల చేతులు కలిసినవి. పొడవు సుమారు 800 మీటర్లు, ఎత్తు 1.6 మీటర్లు, వెడల్పు ఒక మీటరు. తరువాత చిన్న పట్టాలు వేసి బండ్లు నడిపినారు. కరెంటు తీగ, టెలిఫోను తీగ, నూనె గొట్టం కూడా లాగినారు. పిండి మూటలు, మందులు లోపలికి, గాయపడినవాళ్లు బయటకు. ఇప్పుడు ఆ ఇల్లే మ్యూజియం. ఇరవై మీటర్లకు పైగా సొరంగం సందర్శకులు నడిచేటట్టు ఉంచినారు. గోడల మీద గుండ్ల మచ్చలు అట్లాగే ఉన్నవి.

ఇక్కడ శక్తి పుట్టించే రాళ్లు లేవు. ఆకలిగొన్న మనుషులు తవ్విన మట్టి ఉన్నది. ఎవరు తవ్వినారు, ఎప్పుడు తవ్వినారు, ఎంత మట్టి తీసినారు, అన్నిటికీ లెక్క ఉన్నది. 2012 ఏప్రిల్ 6న, ముట్టడి మొదలై ఇరవై ఏండ్లయిన నాడు, నగరం నడివీధిలో 11,541 ఎర్ర కుర్చీలు ఖాళీగా వేసినారు. చనిపోయిన ఒక్కొక్కరికి ఒక్కొక్క కుర్చీ. పిల్లలకు చిన్న కుర్చీలు.

కాల్చింది కాగితాన్నే

ఆ యుద్ధంలో మనుషులతో పాటు పుస్తకాలను కూడా గురి చూసి కొట్టినారు. 1992 మే 17న సరాయెవో ప్రాచ్య విద్యా సంస్థ మీద గుండ్లు కురిపించినారు. అరబ్బీ, ఫార్సీ, తుర్కీ, బోస్నియా భాషల్లోని 5,263 చేతిరాత గ్రంథాలలో దాదాపు అన్నీ బూడిదైనవి. ఆగస్టు 25-26 రాత్రి జాతీయ గ్రంథాలయం తగలబడి లక్షల పుస్తకాలు పోయినవి. కాలిన కాగితపు పొరలు నల్ల మంచులాగా ఊరంతా రాలినవి. 1537లో స్థాపించిన గాజీ హుస్రేవ్ బేగ్ గ్రంథాలయంవారు మాత్రం తమ గ్రంథాలను పెట్టెల్లో పెట్టుకొని, గుండ్ల మధ్య చోటు మార్చి చోటు మార్చి కాపాడుకున్నారు. సరాయెవోలో “హగ్గాదా” అనే యూదుల పురాతన గ్రంథం ఒకటి ఉన్నది. దాన్ని రెండో ప్రపంచ యుద్ధంలో నాజీల చేతికి చిక్కకుండా దాచినవాడు దెర్విష్ కోర్కుత్ అనే ముస్లిం గ్రంథపాలకుడు.

శత్రువు ఎందుకు కాగితాన్ని కాల్చినాడు? ఈ మనుషులు ఇక్కడ ఐదు వందల ఏండ్లు బతికినారనడానికి అది సబూతు గనుక. కొండను ఎవరూ కాల్చలేదు.

ఇంకా పెద్ద మాట ఒకటి ఉన్నది. 1995 జూలైలో స్రెబ్రెనిత్సాలో ఎనిమిది వేలకు పైగా ముస్లిం పురుషులను, బాలురను చంపినారు. నేరం దాచడానికి పూడ్చిన శవాలను యంత్రాలతో తవ్వి తీసి, వేరే వేరే చోట్ల పారవేసినారు. ఒకే మనిషి ఎముకలు రెండు మూడు గోతుల్లో దొరికినవి. శాస్త్రజ్ఞులు ఏళ్ల తరబడి ఓపికగా తవ్వి, బంధువుల రక్తంతో పోల్చి, సుమారు ఏడు వేల మందికి పేర్లు తిరిగి ఇచ్చినారు. ఆ ఆధారాల మీదనే అంతర్జాతీయ న్యాయస్థానాలు 2004లో, 2007లో దీన్ని జాతి సంహారమని తీర్పు చెప్పినవి. నేటికీ కాదనేవాళ్లు ఉన్నారు. వాళ్లకు తల్లుల జవాబు ఒక్కటే: ఇదిగో ఎముక, ఇదిగో పరీక్ష, ఇదిగో పేరు.

ఇప్పుడు ఆలోచించండి. అదే దేశంలో, అదే మట్టిలో, రుజువు లేకపోయినా పిరమిడ్ ఉన్నదని నమ్మమంటే, నమ్మనివాడిని దేశద్రోహి అంటే, రేపు స్రెబ్రెనిత్సాను కాదనేవాడికి ఏ ముఖంతో రుజువు చూపించగలరు? బలవంతుడు గొంతుతో గెలుస్తాడు, బలహీనుడికి మిగిలిన బలం రుజువొక్కటే. దాన్ని తానే పలచన చేసుకుంటే నష్టం ఎవరికి?

విసోకో జనాన్ని ఎగతాళి చేయడం నా ఉద్దేశం కాదు. యుద్ధంలో చితికిపోయి, పని లేక కూర్చున్న పట్నానికి నాలుగు డబ్బులు వచ్చినవి, హోటళ్లు వచ్చినవి. తల వంచుకొని బతికిన జనానికి “మీరు ప్రపంచంలోకెల్లా గొప్పవారు” అని ఒకడు చెప్తే చెవికి తియ్యగా ఉంటుంది. ఆ తీపి మనకు మాత్రం తెలియదా?

మన సంగతి

కర్నూలులో సొరంగం సంగతి తెలియని పిల్లవాడు లేడు. కాని హంద్రీ ఒడ్డున ఉన్న గుమ్మటం అబ్దుల్ వహాబ్ ఖాన్ సమాధి అని ఎంతమందికి తెలుసు? 1839లో ఆఖరి నవాబు గులాం రసూల్ ఖాన్ కోటలో ఆయుధాలు పోగు చేసినాడని కుంఫిణీవారు సైన్యంతో వచ్చి ఆయనను పదవి నుంచి దించి పట్టుకుపోయినారని ఎంతమంది చెప్పగలరు? ఇది పుస్తకాల్లో ఉన్న చరిత్ర.

మన ఇండ్లలో ట్రంకు పెట్టెల అడుగున తాతల నాటి ఇనాం సనదులు, నికాహ్‌నామాలు, ఉత్తరాలు, దస్తావేజులు చెదలు పడుతున్నవి. ఫార్సీ, ఉర్దూ చదవగల పెద్దలు ఏడాదికేడాది తగ్గిపోతున్నారు. చదివి చెప్పేవారు పోయిన తరువాత ఆ కాగితం కూడా మూగబోతుంది. అందుచేత సంఘ సభ్యులకు నా మనవి: మీ ఇంట ఉన్న పాత కాగితాలను పారవేయకండి. వచ్చే సర్వసభ్య సమావేశానికి తీసుకురండి. మా బడిలో పై తరగతుల పిల్లలతో కలిసి నేను చదివిపెడతాను, ఫోటో తీయించి నకలు సంఘానికి, అసలు మీకే ఇస్తాను. మసీదుల, దర్గాల గోడల మీది శాసనాలకు సున్నం కొట్టే ముందు ఒక్కసారి కబురు చేయండి. ఒక్క సాయంత్రం చాలు, రాసుకుంటాం.