వడ్డించేవారికీ ఒక విస్తరి

(స్త్రీల రేడియో కార్యక్రమంలోని ప్రసంగం)

ఈ పూట మీ ఇంట్లో వంటేమిటండీ? "ఏముందండీ, మామూలే. పప్పు, వంకాయ కూర, చారు, మజ్జిగ" అంటారు కదూ? ఆ "మామూలే" అనే వంట గురించే కాసేపు మాట్లాడుకుందాం. రాజుల కథలూ, యుద్ధాల తేదీలూ పుస్తకాల్లో ఉన్నాయి. మన వంటింటికీ ఒక చరిత్ర ఉందని మనకి సాధారణంగా తోచదు.

ముందుగా పోపు డబ్బా తెరవండి. ఆవాలు, జీలకర్ర, మెంతులు, మినప్పప్పు, ఎండుమిరపకాయలు. వీటిలో ఒకరు మాత్రం మనింటికి నిన్న గాక మొన్న వచ్చిన కోడలు. ఎవరనుకున్నారు? ఎండుమిరపకాయే! గుంటూరు మిరప అని ఊరూరా గొప్ప చెప్పుకుంటాం గానీ, దాని పుట్టిల్లు అమెరికా ఖండం. 1498లో వాస్కోడగామా కాలికట్టు రేవు చేరిన తర్వాత, పోర్చుగీసువారి ఓడల మీద అది మన దేశానికి వచ్చింది. టమాటా, బంగాళాదుంప, వేరుసెనగ, మొక్కజొన్న, పిల్లలు చెట్టెక్కి కోసుకునే జామకాయ కూడా ఆ ఖండం నుంచి వచ్చినవే. అమ్మమ్మకి అమ్మమ్మ, ఆవిడకి అమ్మమ్మ, ఇలా ఓ పాతిక తరాలు వెనక్కి వెళ్ళి ఆ వంటింట్లో ఎండుమిరపకాయ అడిగితే, "అదేమిటమ్మా?" అని మన మొహం చూస్తారన్నమాట.

మరి కారం లేకుండా ఎలా తిన్నారంటారా? దానికి జవాబు శ్రీకృష్ణదేవరాయలవారు చెప్పారు. ఆయన పాలించినది 1509 నుంచి 1529 వరకు. ఆయన రాసిన ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడనే భక్తుడు శ్రీవిల్లిపుత్తూరులో ఇంటికి వచ్చిన అతిథులకు ఏ కాలానికి తగ్గ భోజనం ఆ కాలంలో పెడతాడు. చలికాలంలో కమ్మని కొత్తబియ్యపు అన్నం, మిరియాల పొడి వేసిన వేడివేడి కూరలు, ముక్కు అదరగొట్టే ఆవపచ్చడి, చెయ్యి చురుక్కుమనే నెయ్యి. చూశారా, కారమంతా మిరియాలదీ ఆవాలదీ! ఆ చలికాలపు విస్తట్లో మిరపకాయ ఊసే లేదు. ఎండాకాలంలో పలుచని అంబళ్ళు, తియ్యని చారులు, చెరకు పాలు, నీరుమజ్జిగ. వానాకాలంలో పొట్టు తీసిన పప్పు, నాలుగైదు కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు. వాన పడితే వడియాలు వేయించుకోవాలని మనకి ఇవాళ పుట్టిన బుద్ధి కాదు.

అన్నం సంగతి మరొక కథ. వరి అన్నం అందరికీ, రెండు పూటలా అన్నది చాలా ఇళ్ళలో ఈమధ్య వచ్చిన భాగ్యమే. దక్కను పీఠభూమిలో సుమారు నాలుగు వేల ఏళ్ళ కిందటి ఊళ్ళ ఆనవాళ్ళను తవ్వితే ఉలవలు, పెసలు, చిరుధాన్యాలు మాడిన గింజలుగా బయటపడ్డాయి. మన ఉలవచారు, పెసరట్టుల పూర్వీకులు ఎంత పాతవారో ఊహించుకోండి. పలనాడు వెళ్ళిన శ్రీనాథ మహాకవి జొన్నకూడు తినలేక విసుక్కున్నాడని చెప్పే చాటువులు మీరూ వినే ఉంటారు. పాపం, అక్కడ ఆ జొన్నలు పండించి, దంచి వండి పెట్టిన ఇల్లాలు కవిగారి విసుగు విని ఏమనుకుందో ఎవరూ పద్యం చెప్పలేదు!

గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852లోను, కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట 1855లోను పూర్తయ్యాక డెల్టాలో వరిసాగు పెరిగింది. తెలంగాణలో జొన్నరొట్టె, రాయలసీమలో రాగిసంగటి మాత్రం ఆ తర్వాత కూడా చాలాకాలం నిత్యభోజనంగానే నిలిచాయి. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో కిలో 2 రూపాయల బియ్యం పథకం వచ్చాక పేదింటి పొయ్యి మీదకి కూడా వరి అన్నం మరింతగా చేరింది. ఇప్పుడేమో డాక్టర్లు చెబితే మనమే మళ్ళీ కొర్రలూ సామలూ వెతుక్కుంటున్నాం.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, "మన వంట అనాదిగా ఇంతే" అనేమాట నిజం కాదు. కారం మారింది, ధాన్యం మారింది, కూరలు మారాయి. ఏది మంచిదనిపిస్తే దాన్ని మన ఆడవాళ్ళు ఒడుపుగా పొయ్యి మీదకి తెచ్చుకున్నారు. మరి మారనిదేమిటి? చాలా ఇళ్ళలో ఎన్నో తరాలు మారకుండా ఉన్నది ఒక్కటే. వండిన మనిషి చివర తినడం.

మా అమ్మమ్మగారింట్లో ముందు మగవారి బంతి, తర్వాత పిల్లలు, ఆ తర్వాత ముసలివారు. అందరివీ అయ్యాక, తాతగారు తిన్న విస్తట్లోనే అమ్మమ్మ వడ్డించుకునేది. అప్పటికి కూర గిన్నెలో అంటుకున్న గుజ్జు, పులుసులో అడుగున రెండు ముక్కలు ఉండేవి. గోంగూర పచ్చడి, మజ్జిగతో భోజనం అయిందనిపించేది. "నాకు ఇదే ఇష్టమే" అనేది. నేను చాలాకాలం ఆ మాట నమ్మాను. "వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఫర్వాలేదు" అని సామెత. మరి వడ్డించే ఆవిడే కడబంతిని కూర్చుంటే ఆవిడకి వడ్డించేదెవరండీ?

అన్ని ఇళ్ళలోనూ ఇలా లేదనుకోండి. పొలం పనికి పోయే కుటుంబాల్లో చద్దిమూట విప్పితే ఆడా మగా చెట్టు కింద చుట్టూ కూర్చుని ఉల్లిపాయ నంజుకుంటూ కలిసే తినేవారు. కలిసి తినడానికి కలిమి అక్కర్లేదని వారే మనకి నేర్పాలి.

ఇందాకటి వానాకాలపు భోజనంలో ఒక సంగతి దాచి ఉంచాను. విష్ణుచిత్తుడి ఇల్లాలు ఆ జడివానలో ఏ చెరకుతో వండిందో కూడా రాయలవారు చెప్పారు. పొగ ఆవిడ కళ్ళకి సోకకుండా ఎండు కొబ్బరి డొల్లలు పెట్టి వండిందట. అంత పెద్ద సామ్రాజ్యం ఏలిన ప్రభువు వంటింట్లో ఆడదాని కళ్ళు మండుతాయని తలచుకున్నాడు! ఆ పద్యం చదివినప్పుడల్లా నాకు ఊదుగొట్టం పట్టుకున్న మా అమ్మమ్మ ఎర్రటి కళ్ళే గుర్తుకొస్తాయి.

ఆ పొగ తగ్గడానికి ఎన్నో వందల ఏళ్ళు పట్టింది. 1955లో బొంబాయిలో వంటగ్యాసు అమ్మకం మొదలైంది. 1959 ప్రాంతంలో ప్రెషర్ కుక్కర్లు మన దేశంలోనే తయారయ్యాయి. పల్లెల్లోని పేద ఇళ్ళకి గ్యాసు ఇచ్చే ఉజ్వల పథకం 2016లో గానీ రాలేదు. కుక్కరు మూడు కూతలు కూసేసరికి పప్పూ అన్నమూ అయిపోతున్నాయి. అయితే మిగిలిన ఆ సమయంతో మనం చేస్తున్నదేమిటి? భోజనాల బల్ల వచ్చింది, చుట్టూ ఆరు కుర్చీలు వచ్చాయి. ఐదు నిండుతాయి. ఆరో కుర్చీ మనిషి వేడి చపాతీతో వంటింటికీ బల్లకీ మధ్య తిరుగుతూ ఉంటుంది.

ఇది మర్యాదకి సంబంధించిన మాట మాత్రమే కాదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని తేలింది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సగం మందికి పైనే. దీనికి కారణాలు చాలా ఉన్నాయి. కానీ గిన్నె అడుగున మిగిలిన దానితో సరిపెట్టుకునే అలవాటు మన ఒంటికి మేలు చేయదని చెప్పడానికి డాక్టరు కావాలా?

చాలా ఏళ్ళ కిందట ఒక రాత్రి మా ఇంట్లో కరెంటు పోయింది. ఉన్నది ఒకటే లాంతరు. బల్ల దగ్గర పెడితే వంటింట్లో చీకటి, వంటింట్లో పెడితే బల్ల దగ్గర చీకటి. మా మామగారు, "అమ్మాయీ, గిన్నెలన్నీ ఇక్కడికే పట్టుకురా, అందరం కిందే కూర్చుందాం" అన్నారు. లాంతరు చుట్టూ కూర్చున్నాం. ఆవేళ కందిపచ్చడి, పచ్చిపులుసు, కాల్చిన అప్పడాలు, అంతే. ఎవరికి కావలసింది వారు వేసుకున్నారు. కందిపచ్చడిలో నెయ్యి వేసుకుని మొదటి ముద్ద వేడివేడిగా నోట పెట్టుకున్నాను. పెళ్ళయిన పదకొండేళ్ళలో నా వంట వేడిగా ఎలా ఉంటుందో నాకు తెలిసింది ఆ రాత్రే! మా అత్తగారు కూడా నా పక్కనే కూర్చుని, "ఇలా బాగుందే" అన్నారు. కరెంటు వచ్చాక కూడా గిన్నెలు మళ్ళీ వంటింట్లోకి పోలేదు. అదే మా ఇంటి పద్ధతి అయింది.

అందుచేత, అక్కల్లారా చెల్లెళ్ళారా, పది రకాలు చేయనక్కర్లేదు. ఒక పప్పు, ఒక పచ్చడి, ఇంత మజ్జిగ చాలు. గిన్నెలు మధ్యలో పెట్టండి. అబ్బాయిని నీళ్ళు పెట్టమనండి, వారిని పెరుగు వడ్డించమనండి. ఎక్కడో సముద్రాల అవతల పుట్టిన మిరపకాయకే మన ఇంట్లో చోటిచ్చాం. మన విస్తట్లో మన చోటు మనం తీసుకోవడానికి మొహమాటమెందుకు? ఈ రాత్రి భోజనానికి కంచాలు పెట్టేటప్పుడు ఒకసారి లెక్క చూసుకోండి. మీ కంచం కూడా ఉందా?