సంతలో తోలు వెల: పెబ్బేరు శనివారం సంత మీద కొన్ని మాటలు

సంతల చరిత్ర రాసినవాళ్ళు సాధారణంగా శాసనాల నుంచి మొదలుపెడతారు. ఏ రాజు ఏ ఊళ్ళో సంత పెట్టించాడు, ఏ గుడికి సంత సుంకం రాసిచ్చాడు, ఏ వర్తక శ్రేణి ఎక్కడ సరుకు దించింది - ఇవన్నీ రాతి మీద ఉన్నాయి కాబట్టి చరిత్రలోకి ఎక్కాయి. ఆ సంతకు తోలుకొచ్చిన ఎద్దు మెడలో పట్టెడ ఎవరు కుట్టారు, దాన్ని తోలుకొచ్చిన రైతు కాలికి చెప్పు ఎవరు కుట్టారు, ఆ ఎద్దు చచ్చిననాడు దాన్ని ఊరవతలికి ఎవరు మోశారు అన్నది ఏ రాతి మీదా లేదు. లేదు కాబట్టి అది చరిత్రే కాదని విశ్వవిద్యాలయాల్లో చాలాకాలం నడిచింది. మాదిగవాడల్లో పుట్టి చదువుకున్న పిల్లలు పరిశోధనలోకి వచ్చాకనే ఈ ప్రశ్నలు అడగడం మొదలైంది. అడిగితే మొదట తేలే సంగతి ఒకటుంది. ఊరి లోపల తోలుపనికి వెల లేదు. వెల పుట్టింది సంతలో. ఆ వెల ఎవరి చేతికి పోయిందన్నదే ఈ వ్యాసంలో నేను చూడదలుచుకున్నది.

పెబ్బేరు సంత పాలమూరు జనానికి కొత్తగా చెప్పాల్సిన పేరు కాదు. ఇప్పుడది వనపర్తి జిల్లా. 2016 అక్టోబరు దాకా మహబూబ్‌నగర్ జిల్లా. అంతకుముందు నిజాం కింద వనపర్తి రాజుల ఏలుబడిలోని నేల. హైదరాబాదు నుంచి కర్నూలు పోయే రోడ్డు, మనం ఏడో నంబరు అనుకునేది ఇప్పుడు నలభై నాలుగో నంబరైంది, పెబ్బేరు మీదుగానే కృష్ణ వైపు దిగి బీచుపల్లి దగ్గర నది దాటుతుంది. శనివారం తెల్లారేసరికి ఎడ్లు, కోడెలు, బర్రెలు, గొర్రెలు, మేకలు దిగుతాయి. కర్నూలు వైపు నుంచీ రాయచూరు వైపు నుంచీ కూడా బేరగాళ్ళు వస్తారు. అందుకే అక్కడ తెలుగు మూడు నాలుగు యాసల్లో వినబడుతుంది, నడుమ కన్నడం, ఉర్దూ.

గొడ్ల బేరం చూడటం ఒక చదువు. దళారి తువ్వాలు కప్పి అమ్మేవాడి చెయ్యి పట్టుకుంటాడు. తువ్వాలు కింద వేళ్ళు మాట్లాడతాయి. ఎన్ని వేళ్ళు పట్టుకున్నాడు, ఎన్నిసార్లు నొక్కాడు అన్నదాన్నిబట్టి వేలూ వందలూ. చుట్టూ పదిమంది నిలబడ్డా ధర మూడోవాడికి తెలియదు. బహిరంగ మార్కెట్ అని పుస్తకాల్లో రాసేది ఇంత రహస్యంగా నడుస్తుంది! పళ్ళు చూస్తారు, సుడులు చూస్తారు, కాడికి అలవాటైన మెడా కాదా అని మూపురం తడుముతారు. సుడుల శాస్త్రం అందరికీ తెలుసు, చెప్పమంటే అరగంట చెప్తారు. ఆ ఎద్దు తోలు శాస్త్రం తెలిసినవాళ్ళు అదే సంతలో ఓ పక్కన నేల మీద గోనెపట్టా పరుచుకుని కూర్చుని ఉంటారు. వాళ్ళను ఎవరూ అడగరు.

నేను వెతుక్కుంటూ పోయింది ఆ పక్కకే. పగ్గాలు, పలుపులు, ముకుతాళ్ళు, గజ్జెల పట్టీలు, చెర్నకోలలు అమ్మే వరస అది. రంగురంగుల నైలాన్ తాళ్ళు కుప్పలుగా ఉన్నాయి. తోలు వస్తువులు వెతికితే కనబడ్డాయి. ఒక పెద్దమనిషి నాలుగు చెర్నకోలలు, కొన్ని గజ్జెల పట్టెడలు పెట్టుకుని కూర్చున్నాడు. తోలు ఎక్కడిదని అడిగితే నవ్వి, "ఇప్పుడు తోలు యాడిది బిడ్డా, లంద పెట్టినోడే లేకపాయె. పట్నంల కొనుక్కొచ్చి కుడుతున్న" అన్నాడు. తోలును కనిపెట్టిన కులంవాడు తోలు కొనుక్కొచ్చుకుంటున్నాడు. ఈ ఒక్క మాట వెనక నూటయాభై ఏళ్ళ కథ ఉంది.

లంద అంటే తెలియని పిల్లలు ఇవాళ మాదిగవాడల్లోనే ఉన్నారు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. తీసిన తోలును ముందు సున్నపు నీళ్ళలో నానేస్తారు. వెంట్రుక వదులయ్యాక గీకుతారు, కండ పెచ్చులు తీస్తారు. కడిగి, తంగేడు చెక్క దంచి నానబెట్టిన నీళ్ళలో వేస్తారు. కరక్కాయ కూడా వాడతారు. కొన్ని చోట్ల తోలునే సంచిలా కుట్టి వేలాడదీసి అందులో తంగేడు రసం నింపుతారు, అది లోపలినుంచి మెల్లగా ఊరుతుంది. ఇదంతా రోజుల పని, వారాల పని. ఎప్పుడు తీయాలో చేతికి తెలియాలి, ముక్కుకు తెలియాలి. రసాయనశాస్త్రం అంటే ఇదే. కానీ ఈ శాస్త్రానికి ఊరు పెట్టిన పేరు కంపు. తంగేడు పువ్వు బతుకమ్మ మీద పూజలందుకుంటుంది, 2014లో రాష్ట్రం ఏర్పడ్డాక తెలంగాణ రాష్ట్ర పుష్పం కూడా అయింది. తంగేడు చెక్క దంచిన చేతుల సంగతి మాత్రం ఏ ప్రభుత్వ ఉత్తర్వులోనూ లేదు.

ఈ పనికి ఊళ్ళో ఏమిచ్చేవాళ్ళు? ఆయగాళ్ళ పద్ధతి మనకు తెలిసిందే. వడ్ల, కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి లాగే మాదిగ కూడా ఆయగాడు. కాపుకు ఏడాది పొడుగునా చెప్పులు, కాడి పట్టెలు, మోటకు తోలుబొక్కెన, తొండం - కుట్టాలి, చిరిగితే బాగుచెయ్యాలి. పంట కళ్ళంలోకి వచ్చినప్పుడు మేర కింద ఇన్ని గింజలు. చచ్చిన గొడ్డు తోలు చాలా ఊళ్ళలో మాదిగల హక్కు, ఆ హక్కుకు బదులుగా ఈ సేవ. దీన్ని గ్రామీణ సామరస్యం అని రాసినవాళ్ళు ఉన్నారు! అందులో సామరస్యం ఏపాటిదో కళ్ళంలో చివర నిలబడి కొలిపించుకున్నవాళ్ళను అడగాలి. చెప్పు ఎంత మంచిదైనా, మాలు ఎంత గట్టిదైనా మేర మారదు. పనితనానికి విలువ కట్టే ఏర్పాటే ఊళ్ళో లేదు. ఇక దొర గడీ దగ్గరికి వస్తే ఆ కాసిని గింజలు కూడా లేవు. తెలంగాణ సాయుధ పోరాటం గురించి 1972లో రాసిన పుస్తకంలో పుచ్చలపల్లి సుందరయ్య వెట్టి రకాలను ఒక్కొక్క కులం వారీగా చెప్పుకొచ్చారు. మామూలు రైతులు తోలుపనివాళ్ళకు ఏడాదికింతని ధాన్యమిస్తే, భూస్వాములు తోలు ఊనించి చెప్పులు, వ్యవసాయ సామాన్లు కుట్టించుకుని పైసా ఇచ్చేవాళ్ళు కారని ఆయన నమోదు చేశారు. ఇది మన పెద్దలు చెప్పుకునే మాటే. పుస్తకంలోకి ఎక్కింది కాబట్టి వాదించేవాళ్ళకు చూపించవచ్చు.

అలాంటి చోట సంత ఏం చేసింది? మేర లెక్కలకు బయట, దొర కంటికి కొంచెం దూరంగా, ఒక జత చెప్పులను ఫలానా ధరకు అమ్మే వీలు కల్పించింది. పొరుగూరి కాపు ఇక్కడ కాపు కాదు, గిరాకీ. బేరమాడతాడు, తిడతాడు, గానీ డబ్బులు ఇచ్చి పోతాడు. వారానికి ఒకరోజు మాదిగ మనిషి అమ్మకందారు అవుతాడు. ఇది చిన్న సంగతి కాదు. అయితే దీన్ని చూసి మార్కెట్ వస్తే కులం పోతుందని చెప్పే ఆర్థికవేత్తల వెంట పరుగెత్తడం నాకు ఇష్టం లేదు. సంతలోకి అడుగుపెట్టడమే పోరాటమైన చోట్లున్నాయి ఈ దేశంలో. తిరువాన్కూరులో పులయలు సంత లోపలికి రాకూడదు, తెచ్చిన సరుకు బయట నిలబడి వచ్చిన ధరకు ఇచ్చిపోవాలి. 1907లో సాధుజన పరిపాలన సంఘం పెట్టిన అయ్యంకాళి 1912లో తన మనుషులతో నెడుమంగాడు సంతలోకి నడిచి వెళ్తే కొట్లాట అయింది. అక్కడ దాన్ని చంత అంటారు, మన సంతే. సంత లోపల నిలబడి అమ్మితే ఒక ధర, బయట నిలబడి అమ్మితే ఇంకో ధర. గీత ఎక్కడ గీశారన్నదే ధరను నిర్ణయించింది. అక్కడ గీత కంటికి కనబడింది. మన దగ్గర అది వేరే రూపాల్లో ఉంది: నేల ఎవరిది, తైబజారు ఎవరు వసూలు చేస్తారు, పెట్టుబడి ఎవరిది, దళారి ఎవరు.

పెట్టుబడి సంగతే ముందు చూద్దాం. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో మద్రాసు రేవు నుంచి సగం ఊనిన తోళ్ళు ఇంగ్లండుకు పెద్దయెత్తున పోయాయి. అక్కడి వ్యాపార భాషలో వాటికి 'ఈస్టిండియా కిప్స్' అని పేరే పడింది. 1876-78 కరువులో దక్షిణాదిలో గొడ్లు గుంపులు గుంపులుగా చచ్చినప్పుడు తోళ్ళ ఎగుమతి పెరిగింది. ఇది గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి: మనుషులూ గొడ్లూ చచ్చిన ఏళ్ళే తోలు వ్యాపారానికి మంచి ఏళ్ళు. తోలుకు దూరదేశంలో వెల వచ్చేసరికి ఏమైంది? ఊళ్ళోకీ సంతలోకీ తోళ్ళు కొనే వ్యాపారులు వచ్చారు. నిన్నటిదాకా చచ్చిన గొడ్డు వంక కూడా చూడని ఆసామి, తోలు నాది, తీసినందుకు కూలి ఇస్తానన్నాడు. అంటరానిది గొడ్డు కళేబరమే, దాని వెల కాదు. 1903 ప్రాంతాల్లో ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ మద్రాసులో క్రోము పద్ధతి ప్రవేశపెట్టాడు. వారాల పని రోజుల్లోకి వచ్చింది, దానికి యంత్రాలు కావాలి, మందులు కావాలి, డబ్బు కావాలి. ఆ మూడూ లేనిది మాదిగవాడకే. తోలు ఊరు దాటి పేటకు, పేట దాటి మద్రాసు తోళ్ళ కార్ఖానాలకు పోయింది. దాని వెంట మనవాళ్ళు కూడా పోయారు, కూలీలుగా.

ఊళ్ళో మిగిలిన పనిని మిగతా మార్పులు తినేశాయి. కరెంటు మోటార్లు వచ్చాక మోట పోయింది, మోటతో బొక్కెనా తొండమూ పోయాయి. ట్రాక్టరు వచ్చాక కాడి పట్టెలు పోయాయి. టైరు చెప్పులు, తర్వాత హవాయి చెప్పులు, తర్వాత ప్లాస్టిక్ బూట్లు. వీటి గురించి ఏడవాల్సిన పని లేదు. మోట బావి దగ్గర తెల్లవారుజామున చలిలో తోలు తడుపుకుంటూ బతికినవాళ్ళెవరూ ఆ రోజులు మళ్ళీ రావాలని కోరుకోరు. అడగాల్సింది వేరే. ఒక వృత్తి చచ్చిపోయేటప్పుడు దానిలోని నైపుణ్యం కొత్త పరిశ్రమలోకి ఎందుకు దాటలేదు? చెప్పుల కంపెనీ పెట్టిన మాదిగలు ఎందరు? 1973లో ప్రభుత్వం లిడ్‌క్యాప్ అని తోలు పరిశ్రమల అభివృద్ధి సంస్థ పెట్టింది. సంస్థ ఉంది, బోర్డు ఉంది. పెబ్బేరులో గోనెపట్టా మీద కూర్చున్న మనిషికి దాని పేరు తెలియదు.

తైబజారు గురించి రెండు మాటలు. కోస్తాలో ఆశీలు అంటారు. సంతలో సరుకు దించితే కట్టాల్సిన రుసుము ఇది. దీన్ని వసూలు చేసే హక్కును ఏటా వేలం వెయ్యడం పాత అలవాటు. 1930లో హైదరాబాదు రాజ్యంలో వ్యవసాయ మార్కెట్ల చట్టం వచ్చింది, 1966లో ఆంధ్రప్రదేశ్‌కంతా పశువుల సంతలను కూడా కలుపుకున్న చట్టం వచ్చింది. తూకం, కమీషన్, రశీదు అన్నీ కాగితం మీదికి వచ్చాయి. వేలం పాడాలంటే ముందు ధరావతు కట్టాలి. ధరావతు కట్టగలిగినవాడు ఎవడు? గతంలో సుంకం వసూలు చేసినవాళ్ళ వారసులు కాకపోతే వాళ్ళ పక్కింటివాళ్ళు. లక్షల రూపాయల ఎద్దుల జతకూ నాలుగు చెర్నకోలలకూ రశీదు తప్పదు. ఎద్దులు అమ్మినవాడికి అది లెక్కలోకి రాదు, చెర్నకోలలవాడికి అది పొద్దుటి చాయ్, టిఫిను.

ఇప్పుడు చివరి మలుపు. 1977లో ఆంధ్రప్రదేశ్ గోవధ నిషేధ, పశు సంరక్షణ చట్టం వచ్చింది. ఆవునూ దూడనూ కొయ్యకూడదు. ఎద్దుకైనా బర్రెకైనా పనికిరాదని సర్టిఫికెట్ కావాలి. చట్టం కాగితం మీద ఉన్నంతకాలం సంతలు నడిచాయి. అది రోడ్డు మీద కర్ర పట్టుకుని నిలబడటం మొదలయ్యాక కథ మారింది. 2016 జూలై 11న గుజరాత్‌లోని ఊనా దగ్గర చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళిత యువకులను కొట్టారు. నెల తిరక్కుండానే మన అమలాపురంలో కరెంటు తగిలి చచ్చిన ఆవు తోలు తీస్తున్న ఇద్దరు మాదిగ అన్నదమ్ములను చెట్టుకు కట్టేసి కొట్టారు. చచ్చిన గొడ్డును తియ్యకపోతే దండుగ వేసిన ఊళ్ళు ఈ దేశంలోవే. తీస్తే కొట్టినవాళ్ళూ ఈ దేశంలోనే. 2017 మే 23న కేంద్రం ఏకంగా పశువుల సంతల మీదే నిబంధనలు తెచ్చింది. సంతలో గొడ్డును కోతకు అమ్మకూడదు, కొనేవాడు రైతునని రుజువు చూపాలి, రాష్ట్ర సరిహద్దుకు 25 కిలోమీటర్ల లోపల సంతే ఉండకూడదు. 2014 తర్వాత తుంగభద్రే సరిహద్దు అయిన పాలమూరులో ఈ చివరిది ఎంతమందిని తాకుతుందో రాసినవాళ్ళు ఆలోచించినట్టు లేదు. మే 30న మద్రాసు హైకోర్టు మదురై బెంచి వాటిని ఆపింది, జూలై 11న సుప్రీంకోర్టు ఆ స్టేను దేశమంతటికీ వర్తింపజేసింది. నిబంధనలు ఆగాయి గానీ భయం ఆగలేదు. ముసలి ఎద్దును అమ్ముకోలేని రైతు కొత్త ఎద్దును కొనలేడు, ఈ లెక్క సంతలో ఎవరిని అడిగినా చెప్తారు.

దీనిమీద మనలో రెండు వాదనలున్నాయి. చచ్చిన గొడ్డు జోలికి పోవద్దని 1927లో మహాడ్‌లో అంబేద్కర్ పిలుపునిచ్చారు కాబట్టి, తోలుపని పోవడమే విముక్తి అనేది ఒకటి. అది మా నైపుణ్యం, మా తిండి, మా హక్కు, ఎవడో వచ్చి లాక్కుంటే ఊరుకోం అనేది రెండోది. రెండింటినీ ఎదురెదురుగా నిలబెట్టి కొట్లాడుకోవడం దండుగ. మహాడ్‌లో చెప్పింది బలవంతపు పనిని మనంతట మనం వదిలేయడం గురించి. ఊనా తర్వాత సురేంద్రనగర్‌లో దళితులు చచ్చిన గొడ్లను తీసుకెళ్ళి ప్రభుత్వ కార్యాలయం ముందు పడేసిందీ అలా వదిలేయడమే. కర్రతో కొట్టి మాన్పించడం అది కాదు. అలా మాన్పించినచోట పని మన నెత్తినే ఉండిపోతుంది, తోలు మాత్రం పోతుంది. పేటల్లో రోడ్డు మీద వదిలేసిన ముసలి గొడ్డు చస్తే ఎవరో ఫోను చేస్తారు, మున్సిపాలిటీ ట్రాక్టరు వస్తుంది, పారిశుద్ధ్య కార్మికులు ఎత్తి పాతిపెట్టి పోతారు. ఆ కాంట్రాక్టు కార్మికుల్లో ఎక్కువమంది ఏ వాడ నుంచి వస్తారో ఏ పేటలో అడిగినా చెప్తారు.