వాక్యం వాక్యం చదివిన ఒక న్యాయవాది

మన విశ్వవిద్యాలయాల తెలుగు శాఖల్లో 'ఫలానా వారి నవలల్లో స్త్రీ పాత్రలు' అనే పేరుతో వచ్చిన సిద్ధాంత గ్రంథాలు ఎన్నో. సాహిత్యంలో పరిశోధన చేసిన నాలాంటి వాళ్ళు ఆ మాట అనగానే ఎదుటివాళ్ళ పెదాల మీద ఒక చిన్న నవ్వు కదులుతుంది. అదేమంత పని అన్నట్టు. అందుకే హాంకాంగ్ న్యాయవాది మార్గరెట్ ఎంగ్ 1980ల్లో రాసిన పుస్తకాల్లో ఒకటి సరిగ్గా అలాంటిదేనని తెలిసినప్పుడు ఆమె గురించి వదలకుండా చదవడం మొదలుపెట్టాను.

ముందు ఆ ఇంటిపేరు. 'ఎంగ్' అని రాస్తున్నాను కానీ కాంటనీస్‌లో అందులో అచ్చు లేదు. చిన్నప్పుడు పలక మీద దిద్ది, ఆ తర్వాత జన్మలో వాడని మన 'ఙ' ఉందే, దాదాపు ఆ ధ్వనే ఆమె ఇంటిపేరు.

1948లో హాంకాంగ్‌లో పుట్టింది. అమెరికాలో బోస్టన్ విశ్వవిద్యాలయం నుంచి తత్వశాస్త్రంలో డాక్టరేట్ తీసుకుంది. 'మింగ్ పావ్' దినపత్రికకి కాలమ్స్ రాసింది, అందులో పనిచేసింది. ఆ పత్రికని 1959లో స్థాపించిన లూయీ చా, జిన్ యోంగ్ అనే కలం పేరుతో కత్తియుద్ధాల వీరగాథలు రాసి చైనీస్ చదవగలిగిన ప్రతి ఇంట్లోకీ వెళ్ళిన నవలాకారుడు. ఆ నవలల్లోని పురుషుల మీద ఒక పుస్తకం, స్త్రీల మీద ఒక పుస్తకం రాసింది ఎంగ్. అంటే పత్రిక యజమాని సృష్టించిన ఆడవాళ్ళని ఆ పత్రికలో రాసే స్త్రీ కూర్చుని పరీక్షించిందన్నమాట. ఇది నాకు చాలా నచ్చిన సంగతి.

ఆ నవలాకారుడికి ఇంకో రచన కూడా ఉంది. 1997లో బ్రిటన్ నుంచి చైనా చేతికి వెళ్ళాక హాంకాంగ్‌కి రాజ్యాంగంలా పనిచేయవలసిన 'బేసిక్ లా' ముసాయిదా కమిటీలో ఆయన సభ్యుడు. నేరుగా ఓటేసి పాలకుల్ని ఎన్నుకునే హక్కు మెల్లగా, చాలా మెల్లగా రావాలని 1988లో ఆయన మరొక సభ్యుడితో కలిసి ఒక ప్రతిపాదన చేశాడు. కోపంతో విద్యార్థులు మింగ్ పావ్ ప్రతులు తగలబెట్టారు. బీజింగ్‌లో సైనిక శాసనం విధించాక, 1989 మేలో ఆయన కమిటీ నుంచి తప్పుకున్నాడు. ముసాయిదాలో ఆ నెమ్మది మాత్రం మిగిలిపోయింది. కేంబ్రిడ్జిలో ఆలస్యంగా న్యాయశాస్త్రం చదివిన ఎంగ్, ఆ 1988లోనే నలభయ్యో ఏట బారిస్టరుగా వృత్తిలోకి వచ్చింది.

1995లో శాసనసభకి ఎన్నికైంది. ఎలా ఎన్నికైందో చెప్పకపోతే ఆమె కథలోని ఇబ్బంది మనకి తెలియదు. అప్పట్లో హాంకాంగ్ సభలో సగం స్థానాలు వృత్తులకీ వ్యాపారాలకీ కేటాయించి ఉండేవి. మన శాసనమండలిలో పట్టభద్రులకీ ఉపాధ్యాయులకీ ఉన్న స్థానాలు గుర్తుచేసుకుంటే కొంత అర్థమవుతుంది, అయితే అక్కడ అధికారమంతా ఉన్న ఏకైక సభలోనే ఆ ఏర్పాటు. 1998లో 60 స్థానాలకి ప్రజలు నేరుగా నింపినవి 20. ఎంగ్ న్యాయవాదుల స్థానం నుంచి, కొన్ని వేలమంది సొలిసిటర్లు, బారిస్టర్ల ఓట్లతో గెలుస్తూ వచ్చింది. ఇలాంటి స్థానాలు రద్దు కావాలన్నది ఆమె రాజకీయం. అదే స్థానం నుంచి 1985లో సభకి వచ్చిన మార్టిన్ లీ 1991లో సామాన్య ఓటర్ల దగ్గరికి వెళ్ళాడు. ఆమె 2012లో విరమించుకునేదాకా అక్కడే ఉంది. మధ్యలో 1997-98లో, చైనా నియమించిన తాత్కాలిక సభ నడిచిన కాలం తప్ప. దీన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. ప్రజాస్వామ్యం కోరే మనిషి ప్రజల ముందుకి వెళ్ళకపోవడం వెలితే. కానీ ఆ కుర్చీని ఆమె ఏం చేసిందో కూడా చూడాలి.

సభ్యులు సొంతంగా పెట్టే తీర్మానాలూ సవరణలూ నెగ్గాలంటే అప్పట్లో సభలోని రెండు సగాల్లోనూ విడివిడిగా మెజారిటీ రావలసి ఉండేది. ప్రభుత్వం తెచ్చేవాటికి ఆ షరతు లేదు. అంటే ఓడిపోవడం నిబంధనల్లోనే రాసి ఉంది. ఇక మిగిలింది చదవడం. బిల్లుల కమిటీల్లో కూర్చుని ఒక్కో క్లాజు, ఒక్కో మాట పట్టుకుని అడగడం ఆమె పని. ఇంత పెద్ద నిర్వచనం ఎందుకు, ఈ మాట కింద రేపు ఎవరు పడతారు?

1999 జనవరిలో అక్కడి అత్యున్నత న్యాయస్థానం, హాంకాంగ్ వాసులకి చైనాలో పుట్టిన పిల్లలకి హాంకాంగ్‌లో ఉండే హక్కుందని తీర్పిచ్చింది. తల్లిదండ్రులకి పెళ్ళయిందా లేదా అని చూసి పిల్లల్ని విడదీయకూడదని కూడా చెప్పింది. జూన్‌లో బీజింగ్ తన 'వ్యాఖ్యానం'తో ఆ హక్కుని కుదించింది. న్యాయవాదులు నల్లబట్టలు వేసుకుని మౌనంగా నడిచారు. వాళ్ళలో ఎంగ్ ఉంది. ఒక వాక్యానికి ఎవరు అర్థం చెప్పాలి అన్నదే అక్కడ తగువు. సాహిత్య విద్యార్థులకి ఇది చాలా పాత ప్రశ్న. కాకపోతే మా తరగతిలో తప్పు అర్థం చెబితే ఎవరి బిడ్డా సరిహద్దు అవతల ఉండిపోడు.

2002-03లో బేసిక్ లా 23వ అధికరణం కింద దేశద్రోహం, రాజద్రోహం, అధికార రహస్యాల మీద కొత్త చట్టం రాబోయింది. ఎంగ్, ఆడ్రీ యూ, గ్లాడిస్ లీ వంటి న్యాయవాదులు ఒక బృందంగా ఏర్పడి ఆ బిల్లులో ఏముందో మామూలు మాటల్లో కరపత్రాలుగా వేసి పంచారు. 2003 జూలై 1న సుమారు 5 లక్షలమంది వీధుల్లోకి వచ్చారు. సెప్టెంబరులో ప్రభుత్వం బిల్లుని వెనక్కి తీసుకుంది. జనం వచ్చింది కరపత్రాల వల్లే అనను. సార్స్ వ్యాధి, పడిపోయిన ఉద్యోగాలు కూడా ఉన్నాయి. కానీ ఒక చట్టం ముసాయిదాని అన్ని లక్షలమందికి మాట్లాడుకునే విషయంగా మార్చడం చిన్న పని కాదు.

ఈ బృందంలోంచే 2006లో సివిక్ పార్టీ పుట్టింది. తొలి నాయకురాలు ఆడ్రీ యూ. ఆ పార్టీకి అసలు పరీక్ష 2011లో ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళ రూపంలో వచ్చింది. ఫిలిప్పీన్స్, ఇండొనేషియాల నుంచి వచ్చి, ఇతరుల పిల్లల్నీ ముసలివాళ్ళనీ చూసుకుంటున్న స్త్రీలు అప్పటికి సుమారు 3 లక్షలు. మిగతా విదేశీయులు ఏడేళ్ళుంటే శాశ్వత నివాసం అడగొచ్చు. వీళ్ళు ఎన్నేళ్ళున్నా అది 'ఉండటం' కాదని వలస చట్టంలో రాసి ఉంది. 1986 నుంచి అక్కడే పనిచేస్తున్న ఒక ఫిలిప్పీన్స్ స్త్రీ తరఫున వాదించింది గ్లాడిస్ లీ. కింది కోర్టులో గెలిచారు. ఊరు భగ్గుమంది. ఆ నవంబరు స్థానిక ఎన్నికల్లో, పనిమనుషుల పార్టీ అన్న నిందతో సివిక్ పార్టీ దెబ్బతింది. ఓట్లు వేయనిది నియంతృత్వాన్ని ఇష్టపడేవాళ్ళు మాత్రమే కాదు, ప్రజాస్వామ్యం కావాలని ఊరేగింపుల్లో నడిచిన కుటుంబాలూ ఉంటాయి కదా. వాళ్ళు నడుస్తున్నప్పుడు ఇంట్లో వంట చేసిందెవరు? 2013లో అత్యున్నత న్యాయస్థానం ఆ స్త్రీ వాదనని కొట్టేసింది.

2019 ఆగస్టు 18న విక్టోరియా పార్కు సభ తర్వాత పోలీసులు అనుమతించని ఊరేగింపు సాగింది. అందులో నడిచినందుకు 2021 ఏప్రిల్‌లో ఎంగ్‌కి 12 నెలల శిక్ష పడింది, రెండేళ్ళపాటు అమలు నిలిపివేస్తూ. అప్పటికి ఆమెకి 73 ఏళ్ళు. శిక్ష ఖరారుకి ముందు తన లాయరుని పక్కకి ఉండమని తనే లేచి మాట్లాడింది. తాను చట్టానికి మంచి సేవకురాలినే గానీ ముందు ప్రజల సేవకురాలినని చెప్పింది. రాజు మాట కాదన్నందుకు తల పోగొట్టుకున్న ఇంగ్లీషు న్యాయవాది థామస్ మోర్ జ్ఞాపకం ఆ మాట వెనక ఉంది. కోర్టు హాల్లో చప్పట్లు కొట్టారు. సివిక్ పార్టీ 2023లో తనని తాను రద్దు చేసుకుంది. ఊరేగింపు నిర్వహించారన్న నేరాన్ని అదే ఏడాది అప్పీలు కోర్టు కొట్టేసింది. పాల్గొన్నారన్న నేరం మాత్రం 2024 ఆగస్టులో తుది అప్పీల్లోనూ నిలిచింది.

ఆ 2024లోనే, మార్చి నెలలో, 2003లో వెనక్కి వెళ్ళిన 23వ అధికరణం చట్టం మళ్ళీ సభకి వచ్చింది. మార్చి 8న ప్రవేశపెట్టారు, 19న ఆమోదించారు. పదకొండు రోజులు. వ్యతిరేకంగా ఒక్క ఓటు పడలేదు.